ఇలాంటిదే ఇంకోటి కావాలి

డబ్బు కోసం చేసిన పాట కళ కాదు అనే మాట నేను ఒప్పుకోను. పదిహేనేళ్ళుగా పాటలకు అరేంజ్‌మెంట్, ప్రోగ్రామింగ్ (అంటే ఏ వాయిద్యం ఎక్కడ రావాలో కూర్చడం, కంప్యూటర్‌లో వాటి శబ్దాలు కట్టడం) చేస్తూ బతుకుతున్నాను. చేసినవాటిలో ఎక్కువ భాగం ఎవరో అడిగితే, వాళ్ళు పెట్టిన గడువులో, వాళ్ళు చెప్పిన నిడివికి చేసినవే. నా ఇష్టానికి కూర్చుని, టైమంతా నాదే అనుకుని చేసుకున్న పాటల కంటే వాటిలో కొన్ని చాలా బాగా వచ్చాయి, అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. కళా, కాసులా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న దగ్గరే నాకు పేచీ. ఇన్నేళ్ళలో పాటల ప్రాణం తీసేదేంటో నేను దగ్గరగా చూశాను, అది డబ్బు కాదు. డబ్బు పక్కనే కూర్చుని ఉంటుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది, అంతే. అదేంటో ఇవాళ వివరంగా రాయాలనిపించింది.

ముందు హేడన్ అనే పాతకాలపు ఆస్ట్రియా స్వరకర్త సంగతి చెప్తాను. జోసెఫ్ హేడన్ 1761లో ఎస్టర్‌హాజీ అనే ప్రభువుల కుటుంబం దగ్గర కొలువుకి కుదిరాడు. ఆ ఒప్పందంలో ఏముందో మొదటిసారి చదివినప్పుడు నాకు మనసు చివుక్కుమంది. కొలువు బట్టలు వేసుకోవాలి, దొర ఏది రాయమంటే అది రాయాలి, రాసింది అనుమతి లేకుండా బయటివాళ్ళకు ఇవ్వకూడదు. ఆ తర్వాతి ఏడాది పగ్గాలు పట్టిన నికొలాస్ అనే ప్రభువుకి బారిటన్ అనే తంతి వాయిద్యం అంటే పిచ్చి. దాని మెడ వెనకాల కూడా తీగలుంటాయి, అప్పుడే దాన్ని వాయించేవాళ్ళు అరుదు, ఇప్పుడైతే ఆ పేరు విన్నవాళ్ళు కూడా తక్కువ. ఆయన ముచ్చట కోసం హేడన్ ఆ వాయిద్యంతో 120కి పైగా త్రయాలు (ముగ్గురు కలిసి వాయించే రచనలు) రాశాడు. ఒక మనిషి సరదా కోసం నూట ఇరవై రచనలు! ఇంతకంటే పొట్టకూటి పని ఏముంటుంది? కానీ అదే మనిషి, అదే కొలువులో, అదే జీతం మీద పెద్ద వాద్యబృందం వాయించే సింఫనీకీ, నాలుగు తంతి వాయిద్యాల స్ట్రింగ్ క్వార్టెట్‌కీ ఒక రూపం ఇచ్చాడు. 1779లో ఒప్పందం మార్చి రాయించుకున్నాక గానీ తన రచనలు అచ్చు వేయించి అమ్ముకునే వీలు ఆయనకు రాలేదు.

ముసలితనంలో తన జీవితచరిత్ర రాస్తున్నాయనతో హేడన్ అన్న మాట ఒకటి ఉంది, దాని సారాంశం ఇది: నేను లోకానికి దూరంగా ఉన్నాను, నా మీద నాకే అనుమానం పుట్టించేవాళ్ళు గానీ విసిగించేవాళ్ళు గానీ చుట్టుపక్కల లేరు, అందుకని నా సొంత దారి తొక్కక తప్పలేదు. నేను ఈ మాటని చాలాసార్లు తలుచుకుంటాను. కట్టుకోవాల్సిన బట్టలు కూడా వేరేవాళ్ళు నిర్ణయించిన మనిషి ఈ మాట అన్నాడు మరి.

ఇంకో ఉదాహరణ, ఇది మనకి దగ్గరది. 1902లో కలకత్తాలో హిందుస్తానీ గాయని గౌహర్ జాన్ గ్రామఫోన్‌కి పాడింది. పది అంగుళాల 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) రికార్డులో ఒక వైపు మూడు నిమిషాలకి మించి పెద్దగా పట్టదు. కచేరీలో గంటసేపు పాడే రాగాన్ని మూడు నిమిషాల్లో ముగించాలి. చివర్లో 'మై నేమ్ ఈజ్ గౌహర్ జాన్' అని పేరు కూడా తనే గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఆ ప్లేట్లు జర్మనీలో తయారవుతాయి, అక్కడివాళ్ళకి ఇది ఎవరి గొంతో తెలియాలి కదా. ఇది నూటికి నూరు పాళ్ళు వ్యాపారం. ఆ యంత్రం ముందు పాడనని ఎంతోమంది పెద్ద విద్వాంసులు భీష్మించుకున్న రోజులవి. ఆమె మాత్రం ఎక్కడ మొదలుపెట్టాలి, ఏది వదిలేయాలి, తాన్ (వేగంగా దూసుకెళ్ళే స్వరాల వరస) ఎక్కడ విసరాలి అని లెక్క వేసుకుని మూడు నిమిషాల్లో రాగం బొమ్మ కట్టి చూపించింది. ఆ గరగర మధ్యలో ఇవాళ విన్నా ఆమె తొందరపడుతున్నట్టు అనిపించదు నాకు. మూడు నిమిషాలన్నది గిన్నె కొలత. అందులో ఏం వండాలో ఆమె ఇష్టమే.

నిడివి, గడువు, సందర్భం, ఎవరు వింటారు, ఎంతమంది వాయిద్యకారులకు డబ్బు ఇవ్వగలం, ఇవన్నీ హద్దులే. హద్దు ఉంటే పాట చావదు. నిజానికి హద్దు లేకపోతేనే నాకు భయం, నా సొంత ఆల్బమ్ నాలుగేళ్ళు పూర్తి కాకుండా నానింది అందుకే.

పాట చచ్చేది ఇంకో రకంగా. ఈ పనిలో ఉన్నవాళ్ళకి 'రిఫరెన్స్' అనే మాట బాగా తెలుసు. ఫోన్ వస్తుంది, కబుర్లు అయ్యాక ఒక లింక్ వస్తుంది, ఆ తర్వాత మెసేజ్: ఇలాంటిదే ఇంకోటి కావాలి. ఆ లింక్‌లో ఉండేది ఈ మధ్యే బాగా ఆడిన పాట. అదే టెంపో, అదే రకం కిక్ (డ్రమ్ దెబ్బ), రెండో లైన్ తర్వాత అదే చోట గ్యాప్, అదే హమ్మింగ్. కాపీ అనకుండా స్వరాలు మాత్రం కొంచెం పక్కకి జరపాలి. మీరు ట్యూన్ పంపాక వాళ్ళు వినేది మీ ట్యూన్‌ని కాదు, మీ ట్యూన్‌కీ ఆ లింక్‌కీ మధ్య ఉన్న తేడాని. తేడా ఎక్కువైన చోటల్లా 'ఇక్కడ ఆ ఫీల్ రావట్లేదు' అంటారు. అక్కడ మనం ఏదైనా కొత్తగా చేసి ఉంటే సరిగ్గా అక్కడే ఫీల్ రాదు వాళ్ళకి!

వాళ్ళు చెడ్డవాళ్ళని నేను అనట్లేదు. డబ్బు పెట్టినవాడికి నిద్ర పట్టదు, అది నేను కళ్ళారా చూశాను. అప్పు తెచ్చి పెట్టినవాడికి 'కొత్తగా ఉంది' అనే మాట ధైర్యం ఇవ్వదు, 'ఫలానా దానిలా ఉంది' అనే మాట ఇస్తుంది. అంటే అక్కడ మాట్లాడుతున్నది భయం. భయంతో పుట్టిన పాటలో ఒక లక్షణం ఉంటుంది, అది మొదటి సెకను నుంచీ మనల్ని వదిలి వెళ్ళిపోవద్దని బతిమాలుతూ ఉంటుంది. ఆ బతిమాలడం చెవికి తెలిసిపోతుంది.

ఇక్కడ నేను స్వయంగా చేసిన ఒక పని చెప్పాలి. కొన్నేళ్ళ క్రితం ఒక పాటకి ఒక కొత్తమ్మాయి పాడింది. పల్లవి ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి తీసుకున్న చప్పుడు మైక్‌లో చాలా స్పష్టంగా పడింది. స్క్రీన్ మీద చూస్తే గీత చదునుగా వెళ్ళి వెళ్ళి, మాటకి ముందు చిన్న మట్టిదిబ్బలా లేచి, మళ్ళీ పడి, అప్పుడు మొదటి అక్షరం పెద్ద కొండలా లేస్తుంది. ఆ ఊపిరి వినగానే పాడబోయే మనిషి ఎదురుగా కూర్చున్నట్టు ఉంటుంది. ఆ లైన్లోనే ఆమె పంచమం నుంచి గాంధారానికి దిగేటప్పుడు మధ్యలో ఒక వణుకులాంటి జారుడు ఉంది, స్వరం సరిగ్గా ఎక్కడా ఆగకుండా అన్నిటినీ తాకుతూ దిగింది.

పాట రెండు సెకన్లలో మొదలవ్వాలి అన్నారు. మాట పడేలోపు ఎవరూ స్కిప్ చేయకూడదట. నేను ముందున్న ఫ్లూట్ తీసేశాను. ఇంకా ఆలస్యంగా ఉందన్నారు, ఊపిరి తీసేశాను. తర్వాత పిచ్ కరెక్షన్ అనే, శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్ తెరిచి, ఆ జారుడు మీద క్లిక్ చేసి, మూడు చదునైన మెట్లుగా చేశాను, ఎందుకంటే లింక్‌లో పంపిన పాటలో గొంతు అలా మెట్లు దిగినట్టే ఉంది. ఇదంతా కలిపి పది నిమిషాల పని. ఆమెని పిలిచి ఫైనల్ మిక్స్ వినిపించాను. హెడ్‌ఫోన్స్ తీసి, నిజంగా సంతోషపడుతూ, 'భలే ఉంది అన్నా, నేను ఎక్కడ ఊపిరి తీసుకున్నానో కూడా తెలియట్లేదు' అంది.

మెచ్చుకోలుగానే అంది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆ పాట ఎలా ఆడింది అని అడుగుతారు కదా, ఎవరికీ గుర్తులేనంత మామూలుగా ఆడింది. కానీ బ్రహ్మాండంగా ఆడినా నా బాధ ఇంతే ఉండేది, ఇది మాత్రం గట్టిగా చెప్పగలను. ఎందుకంటే అక్కడ నేను శ్రోత కోసం ఏమీ చేయలేదు. శ్రోత స్కిప్ కొడతాడేమో అని ఒకరు ఊహించారు, ఆ ఊహకి భయపడి ఇంకొకరు నాకు ఫోన్ చేశారు, ఆ ఫోన్‌కి భయపడి నేను ఊపిరి కోశాను. ఇంతమందిలో అసలు శ్రోత ఎక్కడున్నాడు?

ఈ భయానికి ఇప్పుడు కొలతలు కూడా వచ్చాయి. ఇంటర్నెట్‌లో పాటలు వినిపించే స్పాటిఫై యాప్‌లో 30 సెకన్లు వింటేనే అది ఒక ప్లే కింద లెక్క. 2024 నుంచి ఇంకో నిబంధన కూడా ఉంది, గడిచిన 12 నెలల్లో కనీసం 1000 ప్లేలు లేని పాటకి రికార్డింగ్ రాయల్టీ పంపకంలో వాటా ఉండదు. కాబట్టి ముప్పయ్యో సెకను దాకా మనిషిని పట్టుకోవాలి అని అందరూ పాట ముఖాన్ని ముందుకు లాగుతున్నారు. అంటే స్ట్రీమింగ్ వల్లే ఇదంతా అని కూడా నేను అనను. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఒకాయన 1986 నుంచి 2015 దాకా అమెరికా టాప్ టెన్ పాటల్ని పోల్చి చూశాడు. ఎనభైల మధ్యలో గొంతు వినిపించే ముందు సగటున 20 సెకన్లకు పైగా వాయిద్యాలు నడిచేవి, చివరికొచ్చేసరికి అది 5 సెకన్ల దాకా పడిపోయింది. ఫోన్లు చేతికి రాకముందే మొదలైన తొందర ఇది, ఇప్పుడు ఇంకా ముదిరింది.

మళ్ళీ నా మాటకే వస్తాను. ఐదు సెకన్ల ఇంట్రో ఒక హద్దు అనుకుంటే దాన్ని నేను గౌరవిస్తాను, ఆ ఐదు సెకన్లలో అద్భుతం చేసేవాళ్ళు ఉన్నారు. ఐదు సెకన్లు అని చెప్పి, ఆ ఐదు సెకన్లలో ఏముండాలో కూడా పక్క పాట చూసి చెప్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

పైగా ఆ ఊహలు సరైనవా అంటే అదీ కాదు. అమెరికన్ గాయకుడు మార్విన్ గే 1970లో 'వాట్స్ గోయింగ్ ఆన్' రికార్డ్ చేశాడు. ఆయన రికార్డు కంపెనీ మోటౌన్ అధిపతి బెర్రీ గోర్డీకి అది నచ్చలేదు. అప్పటికి ఆ కంపెనీకి హిట్లు తయారు చేయడంలో ఎదురు లేదు, వాళ్ళకి ఒక అచ్చు ఉంది, ఆ అచ్చులోంచి నిజంగా గొప్ప పాటలే వచ్చాయి. ఆ అచ్చులోకి ఈ పాట పట్టలేదు. యుద్ధం గురించి, పోలీసు దెబ్బల గురించి అడిగే పాట ఎవరు కొంటారు అన్నది వాళ్ళ లెక్క. ఇది విడుదల చేసేదాకా ఇంకేదీ రికార్డ్ చేయనని గే మొండికేశాడు. 1971 జనవరిలో బయటికొచ్చింది, బిల్‌బోర్డ్ చార్టులో రెండో స్థానం దాకా వెళ్ళింది, ఆ వెంటనే అదే గోర్డీ ఆల్బమ్ ఎప్పుడిస్తావు అని అడిగాడు, మే నెలకల్లా ఆల్బమ్ కూడా వచ్చేసింది. ఈ కథని 'నీ మనసు చెప్పింది చెయ్, విజయం అదే వస్తుంది' అని చెప్పడానికి వాడుకునేవాళ్ళంటే నాకు కోపం. అలా చేసి ఎవరి చెవినా పడకుండా పోయినవాళ్ళు లక్షలమంది ఉన్నారు, వాళ్ళ గురించి కథలుండవు కాబట్టి మనకి తెలియదు. నేను ఈ కథలో చూసేది ఇంకొకటి. ఊరందరి నాడి తెలిసినవాళ్ళు కూడా రేపు ఏం ఆడుతుందో చెప్పలేకపోయారు. వాళ్ళకి తెలిసింది నిన్న ఏం ఆడిందో మాత్రమే.

ఇక రెండో వైపు. కళాకారుడంటే కాసులకి లొంగకూడదు అని చెప్పేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు, వాళ్ళకి వెంటనే త్యాగరాజస్వామి గుర్తొస్తాడు. నిధి చాల సుఖమా, రాముని సన్నిధి సేవ సుఖమా. తంజావూరు కొలువు నుంచి పిలుపు వస్తే వద్దన్నాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ కల్యాణి రాగ కీర్తన వింటే నాకూ కళ్ళు చెమరుస్తాయి. కానీ ఆ ప్రశ్న ఆయన తన మనసుని అడిగాడు. మనం ఆ ప్రశ్నని తీసుకెళ్ళి, అద్దె కట్టాల్సిన వయొలినిస్ట్ ముందు పెడతాం, ఫంక్షన్‌కి పిలిచి 'కళకి వెల కట్టలేం కదండీ' అని చేతిలో శాలువా పెట్టి పంపిస్తాం. అది అన్యాయం. ఎవరి వైరాగ్యం వాళ్ళే ఎంచుకోవాలి, పక్కవాడికి మనం ఎంచి పెట్టకూడదు.

డబ్బు వద్దనుకున్నవాళ్ళ జీవితాల్లోకి తొంగి చూస్తే డబ్బు ఇంకో తలుపులోంచి వచ్చి ఉంటుంది. చార్ల్స్ ఐవ్స్ అనే అమెరికన్ స్వరకర్త పగలు ఇన్సూరెన్స్ వ్యాపారం చేశాడు, బాగా చేశాడు కూడా, రాత్రులూ సెలవు రోజులూ కూర్చుని ఎవరికీ అర్థం కాని సంగీతం రాశాడు. ఆయన మూడో సింఫనీ రాసి దశాబ్దాలు గడిచాక 1946లో మొదటిసారి వాయించారు, 1947లో దానికి పులిట్జర్ వచ్చింది. ఫిలిప్ గ్లాస్ అనే ఇంకో అమెరికన్ స్వరకర్త సంగతి ఇంకా ఘోరం. 1976 నవంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా హౌస్‌లో ఆయన ఒపేరా రెండు ప్రదర్శనలు జరిగితే హాలు నిండిపోయింది, లెక్క చూస్తే అప్పు మిగిలింది, ఆయన వెళ్ళి మళ్ళీ టాక్సీ నడుపుకున్నాడు. తర్వాత నెదర్లాండ్స్ నుంచి అడిగి రాయించుకున్నారు, అలా వచ్చిందే గాంధీ గురించిన 'సత్యాగ్రహ', 1980లో రాటర్‌డామ్‌లో వేశారు, దానిలో పాడేదంతా భగవద్గీతలోని సంస్కృతమే. ఎవరో డబ్బిచ్చి రాయమంటేనే అది పుట్టింది. ఫలానా ఒపేరాలా రాయమని కాకుండా మీరు ఒకటి రాయండి అని అడిగారు.

నన్ను బాగా ఆలోచనలో పడేసేది మాత్రం జర్మన్ స్వరకర్త బీతోవెన్ చివరి రోజుల సంగతి. ఆయన ఓపస్ 130 (ఓపస్ అంటే రచన సంఖ్య) క్వార్టెట్‌కి చివర ఒక భారీ ఫ్యూగ్ (ఒకే స్వరమాలను ఒకరి వెనక ఒకరు అందుకుని వాయించే రచన) పెట్టాడు, 1826 మార్చిలో మొదటిసారి వాయించినప్పుడు వినేవాళ్ళకి అది మింగుడుపడలేదు. పబ్లిషర్ ఆర్టారియా భయపడ్డాడు. అది తీసేసి వేరే ముగింపు రాయండి, ఫ్యూగ్‌ని విడిగా అచ్చు వేసి దానికి వేరే డబ్బిస్తాం అని కబురు పంపాడు. బీతోవెన్ అంటే మనకున్న బొమ్మ ప్రకారం ఆయన ఆ కాగితం చింపి మొహాన కొట్టాలి. ఆయన సరేనన్నాడు! కొత్త ముగింపు రాసిచ్చాడు, ఎంతో తేలిగ్గా, సరదాగా నడిచే భాగం అది, ఆయన పూర్తిగా రాసిన ఆఖరి భాగం కూడా అదే, 1827 మార్చిలో పోయాడు. ఆ ఫ్యూగ్‌ని మాత్రం ఒక్క స్వరం మార్చలేదు, ఓపస్ 133గా అది విడిగా బతికింది.

ఇది రాజీనా? నేను ఏళ్ళ తరబడి దీన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. నాకిప్పుడు ఏమనిపిస్తుందంటే, అడిగినవాడికి కావలసింది ఇచ్చాడు, ఇస్తూ ఆ పాత దాన్ని కోయలేదు, మెత్తబరచలేదు. నేను చేసింది దీనికి సరిగ్గా వ్యతిరేకం, ఒకే ఫైల్‌లో కోశాను, జారుడుని మెట్లు చేసి దాని మీదే సేవ్ చేశాను. అసలు టేక్ ఇప్పుడు నా దగ్గర లేదు. ఎక్కడా లేదు. అప్పటి నుంచి ఎవరి గొంతు మీదా ఒరిజినల్ పక్కన పెట్టకుండా చేయి వేయలేదు. నా దగ్గర పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్ళకి మొదటి రోజు చెప్పేది కూడా అదే, ఏం కోసినా కోయండి, కోయకముందుది ఉంచండి.

రిఫరెన్స్ లింకులు ఇప్పటికీ వస్తాయి. ఇప్పుడు నేను లింక్ తెరవకముందే ఫోన్ చేసి, ఆ పాట విన్నప్పుడు మీకు ఏమనిపించింది అని అడుగుతాను. కొంతమంది విసుక్కుంటారు, ఇద్దరు ముగ్గురు మళ్ళీ పిలవలేదు, ఆ లోటు నాకు తెలుస్తూనే ఉంది. కానీ ఎక్కువమంది ఆగి ఆలోచించి ఏదో ఒకటి చెప్తారు. 'మా అమ్మ పని చేసుకుంటూ పాడుకునేది గుర్తొచ్చింది' అన్నాడు ఒకాయన. అది చాలు నాకు, అక్కడ నుంచి పాట చేయొచ్చు, దానికి లింక్‌తో పని లేదు.

పోయిన నెల ఒక పాట వచ్చింది. మళ్ళీ అదే షరతు, రెండు సెకన్లలో మాట పడాలి. సరే అన్నాను. పాడటానికి ఆ అమ్మాయినే పిలిచాను, ఇప్పుడు తనకి మంచి పేరుంది. మైక్‌కి దగ్గరగా నిలబడి మామూలుగా ఊపిరి తీసుకుని ఎత్తుకో, దాచుకోవద్దు అన్నాను. ఫ్లూట్ లేదు, వెనక సాగే ప్యాడ్ శబ్దం లేదు, ఒకటి రెండు అని లెక్కించే కౌంట్ లేదు. ప్లే నొక్కగానే ముందు వినపడేది ఆమె ఊపిరి. రెండో సెకనుకి మాట. డబ్బు పెట్టినాయన మూడుసార్లు విన్నాడు, ఏమీ అనలేదు, నాలుగోసారి వింటూ మొదటి సెకనుకే వెనక్కి జరిపి, అక్కడే రెండుసార్లు ఆగి, 'ఇది ఉంచండి' అన్నాడు.